వార్త ఏ మెట్టు మీద ఉంది? కరెంట్ అఫైర్స్ రాసుకునే పద్ధతి

2025 సెప్టెంబర్ 4న పొద్దున్నే మా బావ ఫోన్ చేశాడు. "జీఎస్టీ తగ్గిందంట కదా, ఇవాళే షోరూమ్‌కి పోయి బండి తెచ్చేస్తా" అన్నాడు. పేపర్లో మొదటి పేజీ నిండా అదే ఉంది మరి. మధ్యాహ్నం మళ్లీ ఫోన్, ఈసారి చిరాగ్గా. షోరూమ్‌లో పాత రేటే చెప్పారట, 22వ తేదీ తర్వాత రమ్మన్నారట. పేపర్ తప్పేం రాయలేదు, షోరూమ్ వాళ్లు మోసమేం చేయలేదు. మా బావ చదివింది నిర్ణయం గురించి, ఆయనకి కావాల్సింది అమలు తేదీ. ఆ వార్తలో అది కూడా ఉంది, కాకపోతే హెడ్డింగ్ దగ్గరే ఆగిపోయాడు.

ఆ ఒక్క విషయానికే నాలుగు తేదీలున్నాయి. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని జీఎస్టీ మార్పులు తెస్తామని చెప్పారు, సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం ఒప్పుకుంది, 17న కొత్త రేట్ల నోటిఫికేషన్లు వచ్చాయి, 22 నుంచి అమలైంది. 350 సీసీ లోపు బండి మీద 28 శాతం కాస్తా 18 అయింది ఆ 22న. ఎగ్జామ్‌లో బిట్ ఈ నాలుగింటిలో దేని మీదైనా రావచ్చు, నోట్‌బుక్‌లో మాత్రం "సెప్టెంబర్‌లో జీఎస్టీ తగ్గింపు" అని ఒక్క ముక్క ఉంటుంది. నా నోట్‌బుక్కుల్లోనూ అలాగే ఉండేది, గ్రూప్స్ ప్రిపరేషన్‌లో మూడేళ్లు అలా హెడ్డింగులు ఎక్కించి ఎక్కించి తర్వాత తీసి చూస్తే సగం పైన పనికిరాని సరుకు.

ఇప్పుడు నేను చేసేదల్లా ఒకటే. ఏ వార్త చదివినా ముందు "ఇది ఏ మెట్టు మీద ఉంది" అని చూసి, ఆ తర్వాతే పెన్ను పట్టుకుంటాను. చట్టాలకి, రాకెట్లకి, విదేశీ ఒప్పందాలకి ఎవరి మెట్లు వాళ్లకున్నాయి. వారానికి గంట చాలు, రోజూ కూర్చోనక్కర్లేదు. నిజానికి రోజూ రాస్తేనే చెత్త ఎక్కువ పోగవుతుంది.

ముందు చట్టాల సంగతి. బిల్లు పెడతారు, రెండు సభలు దాటుతుంది, రాష్ట్రపతి సంతకం పెడతారు, గెజెట్‌లో వస్తుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. చాలామంది వదిలేసేది ఆ తర్వాతి మెట్టు, అంటే అది ఏ రోజు నుంచి అమల్లోకి వస్తుందన్నది. దీనికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. చట్టం కాపీ తెరిచి మొదటి సెక్షన్ చదవండి, అంతే. పేరు చెప్పిన వెంటనే రెండో ఉపసెక్షన్లోనో మూడో దాంట్లోనో ఎప్పటి నుంచి అమలో ఉంటుంది. కొన్నిసార్లు తేదీయే ఇస్తారు, 2025 ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1 అని ఇచ్చినట్టు. ఎక్కువసార్లు మాత్రం "కేంద్ర ప్రభుత్వం గెజెట్ నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీ నుంచి" అన్న వాక్యం కనిపిస్తుంది. అది కనిపించిందా, పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఎందుకంటే ఆ తేదీ వారంలో రావచ్చు, ఏళ్లు పట్టొచ్చు.

ఏళ్లంటే నిజంగా ఏళ్లే. లేబర్ కోడ్‌లే చూడండి. వేతనాల కోడ్ 2019లో చట్టమైంది, మిగతా మూడూ 2020లో. 29 పాత కార్మిక చట్టాల బదులు ఈ నాలుగు అన్నారు. అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న! మధ్యలో ఈ ఐదేళ్లూ "కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేశాయి, మీ చేతికొచ్చే జీతం తగ్గుతుంది" అని ప్రతి ఏప్రిల్‌కీ ఫార్వర్డ్ మెసేజ్ తిరిగేది, మా ఆఫీసు గ్రూపులో కూడా, నేను కూడా ఒకసారి ఫార్వర్డ్ చేశాను లెండి. డేటా రక్షణ చట్టం ఇంకో రకం. 2023 ఆగస్టులో చట్టమైంది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, అవి కూడా అన్నీ ఒకేసారి కాదు, కొన్ని వెంటనే, కొన్ని ఏడాదికి, అసలైనవి 18 నెలలకి. ఇలాంటి దానికి "అమలైంది" అని ఒక టిక్కు పెట్టేస్తే రేపు తప్పు బిట్టు కొడతారు.

మహిళా రిజర్వేషన్ దగ్గర నేనే దెబ్బతిన్నాను. 2023 సెప్టెంబర్‌లో పార్లమెంటు పాస్ చేసింది, 106వ రాజ్యాంగ సవరణ, లోక్‌సభలోనూ అసెంబ్లీల్లోనూ మూడో వంతు సీట్లు. నేను అప్పుడు చదివిన ఒక కోచింగ్ మెటీరియల్లో "అమల్లో ఉంది" అని అచ్చేశారు. నేను కళ్లు మూసుకుని రాసుకున్నాను, మాక్ టెస్ట్‌లో అదే పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. చట్టంలోనే షరతు రాసి ఉంది, ముందు జనగణన, దాని మీద నియోజకవర్గాల పునర్విభజన, ఆ తర్వాతే రిజర్వేషన్ అని. అందుకే 2024 ఎన్నికల్లో ఆ సీట్లు కనబడలేదు. సవరణ పేజీలు ఎన్నో లేవు, చదివి ఉంటే పది నిమిషాల పని.

గెజెట్ కోసం ఈ-గెజెట్ వెబ్‌సైట్‌కి వెళ్లాలి. అక్కడ చట్టాలు "పార్ట్ 2, సెక్షన్ 1"లో ఉంటాయి, అమలు తేదీల నోటిఫికేషన్లు ఎక్కువగా "పార్ట్ 2, సెక్షన్ 3, సబ్‌సెక్షన్ 2"లో ఉంటాయి. ముందు హిందీ పేజీలు వస్తాయి, కంగారు పడకుండా కిందికి పోతే ఇంగ్లిష్ ఉంటుంది. బిల్లు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలంటే పీఆర్ఎస్ (పార్లమెంటు పనుల్ని గమనించే సంస్థ) సైట్ హాయిగా ఉంటుంది. కేబినెట్ నిర్ణయాలకి పీఐబీ, అంటే కేంద్ర ప్రభుత్వ పత్రికా ప్రకటనల సైట్, అందులో భాష మార్చుకుంటే తెలుగు ప్రకటనలు కూడా దొరుకుతాయి. కాకపోతే ఆ తెలుగు చదవడం కన్నా ఇంగ్లిష్ చదవడమే ఒక్కోసారి తేలిక, అది వేరే బాధ.

ఇది మీరే ఒకసారి చేసి చూడండి. 2025 డిసెంబర్‌లో ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టానికి పార్లమెంటు ఆమోదం పడింది, మన ఊళ్లలో కరువు పని అంటామే, అదే. 100 రోజుల పని 125 రోజులైందని ఊరంతా తెలుసు. ఏ రోజు నుంచి? ఎవరినీ అడగొద్దు, చట్టం తెరిచి మొదటి సెక్షన్ చూడండి, తర్వాత గెజెట్ చూడండి. ఒక్కసారి చేతితో చేస్తే పద్ధతి వంటబట్టేస్తుంది.

ఇక సైన్సు వార్తలు. వీటిలో మెట్లకన్నా ముందు విశేషణాలు పట్టుకోవాలి. "మొదటి", "అత్యంత భారీ", "ప్రపంచంలోనే" లాంటి మాట కనిపించగానే దాని వెనకాల ఏ షరతు ఉందో వెతకండి. 2025 నవంబర్ 2న ఎల్వీఎం3 రాకెట్ సీఎంఎస్-03ని పంపింది, బరువు 4,410 కిలోలు. "భారత్ అత్యంత భారీ కమ్యూనికేషన్ ఉపగ్రహం" అని రాసుకున్నారనుకోండి, తప్పు. 2018 డిసెంబర్‌లో వెళ్లిన జీశాట్-11 బరువు 5,854 కిలోలు, దాన్ని ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్‌తో పంపించారు. సీఎంఎస్-03 రికార్డు "భారత గడ్డ మీద నుంచి" పంపిన వాటిలో, అదీ దూరపు బదిలీ కక్ష్యకి (జీటీఓ). సరే అనుకునేలోపు డిసెంబర్ 24న అదే ఎల్వీఎం3 సుమారు 6,100 కిలోల అమెరికన్ ఉపగ్రహం బ్లూబర్డ్‌ని ఎత్తింది, కాకపోతే అది దిగువ కక్ష్యకి. చూశారా, ఎక్కడి నుంచి, ఏ కక్ష్యకి, ఎవరి ఉపగ్రహం అన్న మూడూ రాసుకోకపోతే బరువు అంకె ఒక్కటీ దేనికీ పనికిరాదు. చంద్రయాన్-3 కూడా అంతే, 2023 ఆగస్టు 23న దిగింది దక్షిణ ధ్రువం దగ్గరి ప్రాంతంలో, సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. సరిగ్గా ధ్రువం మీద కాదు.

మెట్ల సంగతికొస్తే, రాకెట్ లేవడం ఒక మెట్టు, ఉపగ్రహాన్ని అనుకున్న చోట వదలడం ఇంకోటి, అది పనిచేయడం మరోటి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం, జీఎస్ఎల్వీ-ఎఫ్15. రాకెట్ తన పని తాను చక్కగా చేసింది, అందరం స్వీట్లు పంచుకున్నంత పని చేశాం. ఆ తర్వాత కొన్ని రోజులకి ఇస్రో సైట్లో చిన్న నోట్ వచ్చింది. అది మోసుకెళ్లిన నావిగేషన్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 కక్ష్య పెంచడానికి ఇంజిన్‌కి ఆక్సిడైజర్ (ఇంధనం మండడానికి కావాల్సింది) వెళ్లాల్సిన వాల్వులు తెరుచుకోలేదని, అది పొడుగాటి కక్ష్యలోనే ఉందని. ప్రయోగం రోజు చదివినవాళ్లలో ఎంతమంది ఆ నోట్ చదివారో! అందుకే నేను రాకెట్ వార్తని ఆ రోజు రాయను, రెండు వారాలు ఆగి ఇస్రో సైట్లో ఒకసారి చూసి రాస్తాను. ఫెయిలైనవి మాత్రం ఇంత కష్టం పెట్టవు, 2025 మే 18న పీఎస్ఎల్వీ-సీ61 మూడో దశలో దెబ్బతింది, అదే రోజు చెప్పేశారు.

విదేశీ వ్యవహారాల్లో అసలు టెన్షన్ అంతా మాటల్లోనే ఉంటుంది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 23న సింధు జలాల ఒప్పందం గురించి ప్రభుత్వం చెప్పిన మాట దాన్ని నిలిపి ఉంచుతున్నామని, పాకిస్తాన్ సీమాంతర ఉగ్రవాదానికి మద్దతు మానుకునేదాకా అని. మన దగ్గర చాలామంది నోట "రద్దు" అయిపోయింది. రద్దు వేరు, నిలిపి ఉంచడం వేరు, 1960 సెప్టెంబర్ 19న కరాచీలో కుదిరిన ఆ ఒప్పందం మీద బిట్ ఇస్తే ఈ తేడా మీదే ఇస్తారు. వాణిజ్య ఒప్పందాలకైతే మెట్లు శుభ్రంగా ఉంటాయి. చర్చలు ముగియడం, సంతకం, రెండు వైపులా ఆమోదం, అమలు. బ్రిటన్‌తో చర్చలు 2025 మే 6న ముగిశాయి, సంతకం జులై 24న. యూరోపియన్ యూనియన్‌తో 2007లో మొదలెట్టి, 2013లో ఆపేసి, 2022లో మళ్లీ మొదలెట్టి, 2026 జనవరి 27న చర్చలు ముగిశాయని ప్రకటించారు. ముగిశాయి అంటే సంతకం అయిందని కాదు. పెళ్లి కుదిరిందంటే తాళి కట్టేసినట్టా?

రెండు దేశాల వార్త అయితే రెండు వైపుల ప్రకటనలూ చదవాలి. 2025 మే 10న భారత్-పాక్ మధ్య కాల్పులు ఆగిన విషయం ముందు అమెరికా అధ్యక్షుడి పోస్టులో వచ్చింది, అమెరికా మధ్యవర్తిత్వం అన్నారు. మన విదేశాంగ కార్యదర్శి చెప్పింది వేరు, మధ్యాహ్నం 3:35కి పాక్ డీజీఎంఓ (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్) మన డీజీఎంఓకి ఫోన్ చేశారని, సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని ఇద్దరి మధ్య అవగాహన కుదిరిందని. మీరు ఎవరి వైపు మాట నమ్ముతారన్నది మీ ఇష్టం, నోట్‌బుక్‌లో మాత్రం "ఎవరు చెప్పారు" అన్న ముక్క పక్కన ఉండి తీరాలి.

మూలం చదివినా తేలని సందర్భాలూ ఉన్నాయి. హెచ్1బీ లక్ష డాలర్ల ఫీజు గుర్తుందిగా. 2025 సెప్టెంబర్ 19న ఆ ఉత్తర్వు మీద అమెరికా అధ్యక్షుడి సంతకం, మనకి తెల్లారేసరికి 20, శనివారం. 21, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా అమలు. ఆ ఆదివారమే ఎంగిలిపూల బతుకమ్మ. మా పై ఫ్లోర్ ఆంటీ వాళ్లబ్బాయి పండక్కని అంతకు రెండు రోజుల ముందే దిగాడు. ఆ శనివారం వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు, ఒకరు టికెట్లు చూస్తున్నారు, ఒకరు ఏడుస్తున్నారు, నన్ను పిలిచి "నువ్వు చదువుతావు కదా బాబూ, అందులో ఏం రాశారో చూడు" అన్నారు. చూశాను. ఆ తేదీ తర్వాత దేశంలోకి వచ్చేవాళ్లకి అన్నట్టే ఉంది, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ల మాట ఎక్కడా తేల్చలేదు. అమెరికా మంత్రి ఒకాయన ఏటా కట్టాలన్నారు. "ఆంటీ, ఇందులో క్లారిటీ లేదు, ఇంకో పూట ఆగండి" అన్నాను, లోపల నాకూ భయమే. మన రాత్రికి వైట్‌హౌస్ వివరణ వచ్చింది. ఏటా కాదు ఒకేసారి, కొత్త దరఖాస్తులకే, ఇప్పుడున్న వీసాదారులు వెళ్లి రావచ్చు అని. అప్పటికే వాళ్లు టికెట్ కొనేశారు, ఎంతకో చెప్పను. అందుకని డబ్బుతో, ప్రయాణంతో ముడిపడిన వార్తకి మూలం చదివాక కూడా ఆ శాఖ వాళ్లు ఇచ్చే ప్రశ్నలు-జవాబుల నోట్ కోసం కాసేపు ఆగండి.

ఇక నోట్‌బుక్. ఒక్కో విషయానికి అర పేజీ, తేదీలు ఒకదాని కింద ఒకటి, అడుగున ఖాళీ. జనగణనతో పాటు చేసే కులగణనకి నాది ఇలా ఉంది: "2025 ఏప్రిల్ 30, కేబినెట్ రాజకీయ వ్యవహారాల కమిటీ నిర్ణయం. జూన్ 16, గెజెట్. లెక్కకి ఆధారం తేదీ 2027 మార్చి 1, మంచు ప్రాంతాలకి 2026 అక్టోబర్ 1. తెలంగాణ 2024 నవంబర్‌లో మొదలెట్టింది రాష్ట్ర సర్వే, ఇది వేరు." ఆ చివరి ముక్క తప్పకుండా రాసుకోండి, రెండూ కలిపేసి బిట్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. తేదీలు పెన్నుతో రాయండి, మెట్టు మాత్రం పెన్సిల్‌తో, పేజీ మూలన మళ్లీ ఎప్పుడు చూడాలో ఆ నెల. నెల మొదటి ఆదివారం ఆ మూలలు చూసుకుంటూ పోయి, మారినవి రబ్బరుతో చెరిపి కొత్త మెట్టు రాసుకోవడమే.