కంపెనీ ఇచ్చే ఉచిత ఐడెంటిటీ ప్రొటెక్షన్: తీసుకోండి, కానీ ముందు క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకు ఏదో ఒక రోజు ఒక తెల్ల కవరు వస్తుంది. దాని మీద మీ బ్యాంకు పేరో, ఫోన్ కంపెనీ పేరో కనిపించకపోవచ్చు. ఎప్పుడూ వినని ఊళ్ళో ఏదో ప్రాసెసింగ్ సెంటర్, ఒక పోస్ట్ బాక్స్ నంబరు ఉంటాయి. క్రెడిట్ కార్డు ఆఫర్ అనుకుని చాలామంది తెరవకుండానే చెత్తలో వేస్తారు. తెరిచి చూస్తే పైన ‘నోటీస్ ఆఫ్ డేటా బ్రీచ్’ అని ఉంటుంది. కింద ఏం జరిగింది, ఏ వివరాలు పోయాయి అని రెండు మూడు పేరాలు. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో ఉచిత ఐడెంటిటీ ప్రొటెక్షన్ ఇస్తున్నామని ఒక మాట, అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక యాక్టివేషన్ కోడ్, నమోదుకు ఒక గడువు తేదీ.

ఆ కవరు పారేయకండి. ఆ కంపెనీ దగ్గరున్న మీ వివరాలు దొంగల చేతిలో పడ్డాయని చెప్పే నోటీసు అది. ఉత్తరాలు పంపే పని వేరే సంస్థకు అప్పగిస్తారు కాబట్టి కవరు మీద తెలిసిన పేరు ఉండదు. మన దగ్గర ఇంకో చిక్కుంది. మాస్టర్స్‌కి వచ్చిన పిల్లలు చదువు ఒక రాష్ట్రంలో, మొదటి ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో, తర్వాతి ప్రాజెక్టు మరో చోట అన్నట్టు తిరుగుతుంటారు. ఉత్తరమేమో మూడు అపార్ట్‌మెంట్ల కిందటి అడ్రసుకు పోతుంది. ఇల్లు మారిన ప్రతిసారీ పోస్టల్ సర్వీస్‌లో అడ్రసు మార్పు ఇవ్వండి, ఏడాది పాటు మామూలు ఉత్తరాలు కొత్త ఇంటికి చేరుస్తారు. పాత రూమ్‌మేట్స్‌కి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

‘ఆ కంపెనీ వదిలేసి ఏళ్ళయింది, నాకేంటి’ అనుకోవద్దు. 2024 మార్చి చివర్లో ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ బయటపెట్టిన లెక్క ప్రకారం సుమారు 7.3 కోట్ల మంది వివరాలు డార్క్ వెబ్‌లో తేలాయి. అందులో 6.54 కోట్ల మంది పాత కస్టమర్లే. 2021లో టీ-మొబైల్ బ్రీచ్‌లో అయితే, ఎప్పుడో క్రెడిట్ చెక్ కోసం దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబరు (మనం ‘సోషల్ నంబరు’ అనేది) ఇచ్చి ఊరుకున్నవాళ్ళ వివరాలు కూడా పోయాయి. ఆ కంపెనీ రెండేళ్ళ ఉచిత ప్రొటెక్షన్ ఇచ్చింది. రెండేళ్ళు అయిపోయాయి. పోయిన సోషల్ నంబర్లు మాత్రం అవే. ఆ నంబరుకు గడువు లేదు, జీవితాంతం మీదే. నా ఆందోళన అంతా ఇక్కడే. ఉచిత ఆఫర్ తీసుకున్నాక ‘ఇక మనం సేఫ్’ అని నిశ్చింతగా కూర్చుంటాం, ఆఫర్ ముగిసిన సంగతి గుర్తే ఉండదు.

ఏం పోయిందో ముందు చూడండి

ఉత్తరంలో ‘ఏ సమాచారం ప్రభావితమైంది’ అనే పేరా అన్నిటికంటే ముఖ్యం. మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు మాత్రమే పోతే పాస్‌వర్డ్ మార్చుకుని, దొంగ మెయిళ్ళ విషయంలో జాగ్రత్తగా ఉంటే చాలు. కార్డు నంబరు పోతే బ్యాంకుకు ఫోన్ చేసి కొత్త కార్డు తెప్పించుకోవచ్చు. సోషల్ నంబరు, పుట్టిన తేదీ కలిసి పోతే మాత్రం కింద చెప్పేవన్నీ చేయాలి. హెల్త్ ఇన్సూరెన్స్ ఐడీ పోయి ఉంటే మీ పేరుతో ఎవరైనా వైద్యం చేయించుకునే ప్రమాదమూ ఉంది. 2024 ఫిబ్రవరిలో వైద్య బిల్లుల లావాదేవీలు చూసే చేంజ్ హెల్త్‌కేర్ మీద జరిగిన సైబర్ దాడిలో బాధితులు దాదాపు 19 కోట్ల మంది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చే ‘ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్’ కాగితాలను చదవకుండా పక్కన పెట్టే అలవాటుంటే మానుకోండి. మీరు వెళ్ళని డాక్టరు పేరు కనిపించేది అందులోనే.

ముందు ఫ్రీజ్, తర్వాతే కోడ్

కంపెనీ ఇచ్చే ఉచిత సర్వీసులో ప్రధానంగా ఉండేది క్రెడిట్ మానిటరింగ్. మీ పేరు మీద ఎవరైనా కొత్త కార్డుకో లోన్‌కో దరఖాస్తు పెడితే, అది క్రెడిట్ రిపోర్టుకు, అంటే మీ అప్పుల చరిత్రకు, ఎక్కాక మీకు కబురు పంపుతుంది. ఆ దరఖాస్తును అది ఆపలేదు. ఆపగలిగేది క్రెడిట్ ఫ్రీజ్. ఫ్రీజ్ ఉంటే కొత్తగా అప్పిచ్చేవాళ్ళు మీ రిపోర్టు తెరవలేరు, రిపోర్టు చూడకుండా సాధారణంగా ఎవరూ అప్పివ్వరు.

ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో ఫ్రీజ్‌కి డబ్బు కట్టాల్సి వచ్చేది. 2017లో క్రెడిట్ బ్యూరో (క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే సంస్థ) ఈక్విఫాక్స్ నుంచి 14.7 కోట్ల మంది వివరాలు పోయాక, 2018లో కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ సెప్టెంబర్ 21 నుంచి దేశమంతటా ఫ్రీజ్ పెట్టడం, తీయడం పూర్తిగా ఉచితం. ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో అడిగితే ఒక పనిదినంలోపు పెట్టాలి, తీయమంటే గంటలోపు తీయాలి. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు బ్యూరోల్లోనూ విడివిడిగా పెట్టాలి. ఒకచోట పెడితే మిగతా రెండూ వాటంతట అవి పెట్టుకోవు. ఆ వెబ్‌సైట్లలో ‘క్రెడిట్ లాక్’ అని డబ్బు కట్టే ప్లాన్లు కూడా పక్కనే మెరుస్తూ కనిపిస్తాయి. మీకు కావలసింది ‘సెక్యూరిటీ ఫ్రీజ్’. అది ఉచితంగా ఇవ్వడం వాళ్ళ బాధ్యత.

ఫ్రీజ్ వల్ల స్కోరు తగ్గదు, ఇప్పుడున్న కార్డులు మామూలుగానే పనిచేస్తాయి. ఇబ్బంది వచ్చేది కొత్తది తీసుకునేటప్పుడే. శనివారం సాయంత్రం కారు డీలర్ దగ్గర కూర్చున్నారు, ధర కుదిరింది, ఫైనాన్స్ అతను మీ క్రెడిట్ తెరవబోతే ‘ఫ్రోజెన్’ అని వచ్చింది. కంగారు పడాల్సిన పని లేదు. ఏ బ్యూరో నుంచి తీస్తున్నారో అతన్నే అడగండి. ఫోన్‌లో ఆ బ్యూరో అకౌంట్ తెరిచి, రెండు మూడు రోజులకు ‘టెంపరరీ లిఫ్ట్’ పెట్టండి. గడువు కాగానే మళ్ళీ దానంతట అదే ఫ్రీజ్ అవుతుంది. అపార్ట్‌మెంట్ లీజుకైనా, కొత్త ఫోన్ లైనుకైనా ఇదే పద్ధతి. మూడు బ్యూరోల లాగిన్లు భార్యాభర్తలిద్దరికీ అందుబాటులో ఉండేలా ఒకచోట భద్రంగా రాసి పెట్టుకోవాలి.

పిల్లల సంగతి చాలామంది మర్చిపోతారు. ఇక్కడే పుట్టిన పిల్లలకు పుట్టగానే సోషల్ నంబరు వస్తుంది, పద్దెనిమిదేళ్ళ వరకూ దాన్ని ఎవరూ చూడరు. దొంగకు అంతకంటే ఏం కావాలి? పదహారేళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రులు ఉచితంగా ఫ్రీజ్ పెట్టించవచ్చు. దానికి బర్త్ సర్టిఫికెట్, సోషల్ కార్డు, మీ ఐడీల కాపీలు పంపాలి. కొంచెం శ్రమే అయినా ఒకసారి చేస్తే చాలు.

కోడ్ వాడేటప్పుడు

ఫ్రీజ్ పెట్టాక నిదానంగా కోడ్ వాడండి, కానీ గడువు దాటనివ్వకండి. చాలా ఉత్తరాల్లో మూడు నెలల దాకానే సమయం ఇస్తారు. వెబ్ అడ్రసును ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు మీరే టైప్ చేయండి. మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకండి, గూగుల్‌లో వెతికి మొదటి యాడ్ మీద అసలే నొక్కకండి. 2017లో ఈక్విఫాక్స్ సొంత ట్విట్టర్ ఖాతా నుంచే బాధితులకు తప్పు వెబ్‌సైట్ అడ్రసు ఇచ్చారు, అదీ ఒకసారి కాదు. ఆ నకిలీ సైట్‌ను లోపం ఎత్తిచూపడానికి ఒక డెవలపర్ పెట్టాడు కాబట్టి సరిపోయింది. దొంగ పెట్టి ఉంటే జనం సోషల్ నంబర్లు నేరుగా అతనికే అందేవి. ఉత్తరం మీదే అనుమానం ఉంటే, ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో బ్రీచ్ నోటీసు ఉందేమో చూసుకోండి.

కోడ్ ఇచ్చాక క్రెడిట్ కార్డు నంబరు అడిగితే ఆగండి. మీరు డబ్బు కట్టే ప్లాన్ పేజీకి వెళ్ళి ఉండొచ్చు. కోడ్‌తో వచ్చే ఉచిత సర్వీసుకు సాధారణంగా కార్డు అక్కర్లేదు. షరతులు కూడా ఒకసారి చదవండి. ఈక్విఫాక్స్ ఉచిత సర్వీసు షరతుల్లో మొదట ‘కోర్టుకు వెళ్ళను’ అనే అర్థం వచ్చే ఆర్బిట్రేషన్ నిబంధన ఉండేది, గొడవ అయ్యాక తీసేశారు. మానిటరింగ్ ఒక్క బ్యూరోదా, మూడింటిదా అన్నది కూడా చూసుకోండి. పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. అది చాలావరకు లాయరు ఫీజులు, నోటరీ, పోయిన జీతం లాంటి ఖర్చులకు. పోయిన డబ్బంతా వెనక్కి ఇస్తారనుకోకండి. నా దృష్టిలో ఆ ప్యాకేజీలో నిజంగా విలువైనది ‘ఐడెంటిటీ రెస్టొరేషన్’. ఏదైనా జరిగితే మీ తరఫున బ్యాంకులతో, బ్యూరోలతో మాట్లాడే మనిషిని ఇస్తారు.

అమెరికా వచ్చి ఏడాది కూడా కాని విద్యార్థులకు క్రెడిట్ చరిత్ర ఉండదు కాబట్టి ఆన్‌లైన్‌లో ‘మీరు మీరే’ అని నిరూపించుకోవడం కుదరకపోవచ్చు. అప్పుడు వదిలేయకుండా ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. వరసగా రెండు మూడు బ్రీచ్ ఉత్తరాలు వస్తే అన్నీ ఒకేరోజు మొదలుపెట్టకండి. కాలం సాధారణంగా నమోదు చేసుకున్న రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి, ఒకటి ఇప్పుడు, ఇంకోటి దాని గడువు దగ్గర పడ్డాక తీసుకుంటే రక్షణ ఇంకొంత కాలం సాగుతుంది. ఈ ఉచిత సర్వీసు విలువ మీ ఆదాయం కింద లెక్కకు రాదని పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2015లోనే చెప్పింది. ఆ భయం వద్దు.

మానిటరింగ్ కంటికి ఆననివి

క్రెడిట్ రిపోర్టుకు ఎక్కని మోసాలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ట్యాక్స్ రిఫండ్. మీ సోషల్ నంబరుతో దొంగ జనవరి, ఫిబ్రవరిలోనే రిటర్న్ వేసి రిఫండ్ తీసుకుంటాడు. మీరు ఏప్రిల్‌లో ఈ-ఫైల్ చేస్తే ‘ఈ నంబరుతో ముందే రిటర్న్ వచ్చింది’ అని తిప్పికొడతారు. దీనికి మందు ఐఆర్‌ఎస్ ఇచ్చే ఆరంకెల ఐపీ పిన్, అది లేకుండా మీ నంబరుతో ఈ-ఫైల్ చేయడం కుదరదు. 2021 నుంచి తమ గుర్తింపు నిరూపించుకోగలిగిన ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. సోషల్ నంబరు లేకుండా ఐటిన్‌తో (ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు) ఫైల్ చేసే హెచ్4 డిపెండెంట్ వీసా వాళ్ళకు కూడా ఇస్తారు. ఏటా కొత్త పిన్ వస్తుంది. ఆ సంవత్సరం పిన్‌ను మీ సీపీఏకి రిటర్న్ వేసేటప్పుడు మాత్రమే ఇవ్వండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

రెండోది ఉద్యోగం. మీ నంబరుతో వేరెవరో పనిచేస్తే ఆ జీతం మీ రికార్డుకు ఎక్కుతుంది. వీసా మీద ఉన్నవాళ్ళకు ఇది ఎంత తలనొప్పో చెప్పక్కర్లేదు. మై ఈ-వెరిఫై సైట్‌లో ‘సెల్ఫ్ లాక్’ అని ఉంది, దానితో ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పనిచేసే హక్కు ఉందో లేదో కంపెనీలు చూసుకునే ప్రభుత్వ వ్యవస్థ) మీ నంబరు వాడకుండా ఆపవచ్చు. స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్ళకు అదనంగా ఇచ్చే పని అనుమతి) పిల్లలూ, కంపెనీ మారుతున్నవాళ్ళూ కొత్త ఉద్యోగంలో చేరేముందు దాన్ని తీయడం మర్చిపోకండి. స్టెమ్ ఓపీటీకి ఈ-వెరిఫై తప్పనిసరి.

ఇక ఫోన్ కాల్స్. బ్రీచ్ తర్వాత ఇవి పెరుగుతాయి. మీ పూర్తి పేరు, పాత అడ్రసు, సోషల్ చివరి నాలుగంకెలు చెప్పి, ‘మీ సోషల్ సస్పెండ్ అయింది’ అంటారు. ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి అంటారు, ఇండియన్ ఎంబసీ నంబరే మీ ఫోన్‌లో కనిపించేలా చేసి మాట్లాడతారు. ఎంబసీ దీని మీద హెచ్చరికలు ఇచ్చింది. సోషల్ నంబరు సస్పెండ్ అవడం అనేదే లేదు. వివరాలు సరిగ్గా చెప్పినంత మాత్రాన నమ్మకండి, ఆ వివరాలు పోయాయి కాబట్టే మీకు ఉత్తరం వచ్చింది. ‘మీ ఉచిత ప్రొటెక్షన్ యాక్టివేట్ చేస్తాం, మీ ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పండి’ అన్నా అంతే, పెట్టేయండి. ఫోన్‌లో గట్టిగా మాట్లాడితే భయపడే కొత్త పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

కొన్నాళ్ళకు కోర్టు సెటిల్‌మెంట్ ఉత్తరం రావచ్చు. ఈక్విఫాక్స్ విషయంలో 2019లో ‘125 డాలర్లు నగదు లేక ఉచిత మానిటరింగ్’ అన్నారు. నగదుకు పక్కన పెట్టింది 3.1 కోట్ల డాలర్లే. జనం ఎగబడేసరికి ఒక్కొక్కరికి వచ్చే వాటా బాగా తగ్గిపోతుందని, మానిటరింగ్ తీసుకోమని వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీయే చెప్పాల్సి వచ్చింది. మీకు నిజంగా ఖర్చయి ఉంటే రసీదులతో క్లెయిమ్ వేయండి, అది వేరే లెక్క.

ఇండియాకు తిరిగి వెళ్ళేవాళ్ళు

వెళ్ళిపోయినా సోషల్ నంబరు ఇక్కడ బతికే ఉంటుంది. విమానం ఎక్కేముందే మూడు ఫ్రీజ్‌లూ పెట్టండి. బ్యూరో అకౌంట్లకు అమెరికా ఫోన్ నంబరు ఇచ్చి ఉంటారు, ఆ లైను తీసేస్తే ఓటీపీ రాక అకౌంట్ తెరవలేరు. ఆ నంబరును ఏదైనా తక్కువ ఖర్చు ప్లాన్‌లోకి మార్చి ఉంచుకోవడం మంచిది. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు బ్యూరోల రిపోర్టులు వారానికోసారి ఉచితంగా చూడొచ్చు. బయలుదేరేముందు ఒకసారి చూసి, కాపీలు దాచుకోండి.

నిజంగానే అలర్ట్ వస్తే

మీరు పెట్టని దరఖాస్తు గురించి అలర్ట్ వస్తే, ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు ఫ్రాడ్ విభాగానికి అదే రోజు ఫోన్ చేసి ఖాతా మూయించండి. మాట్లాడినవాళ్ళ పేరు, తేదీ, రిఫరెన్స్ నంబరు రాసుకోండి. తర్వాత ఐడెంటిటీ థెఫ్ట్ డాట్ గవ్‌లో ఎఫ్‌టీసీ రిపోర్ట్ తీసుకోండి. ఆ రిపోర్టు, మీ ఐడీ కాపీ, ఏ ఖాతా మీది కాదో చెప్పే ఉత్తరం జతచేసి బ్యూరోలకు పంపితే, నాలుగు పనిదినాల్లో ఆ ఖాతాను మీ క్రెడిట్ రిపోర్టులో కనపడకుండా ఆపాలి. అదే రిపోర్టుతో ఏడేళ్ళ ‘ఎక్స్‌టెండెడ్ ఫ్రాడ్ అలర్ట్’ (అప్పిచ్చేముందు అడుగుతున్నది మీరేనా అని నిర్ధారించుకోమనే హెచ్చరిక) కూడా పెట్టించుకోవచ్చు. ఫ్రీజ్‌లా కాకుండా దీన్ని ఒక్క బ్యూరోకి చెబితే చాలు, మిగతా రెండింటికీ వాళ్ళే చెప్పాలి.