కాంటాక్టుల్లో తెలుగు పేర్లు: ఇంటిపేరు ఏ గడిలో, వరస ఎలా

గూగుల్ కాంటాక్టులను ఇంటిపేరు వరసలో పెట్టి ‘ఆర్’ దగ్గర ఆగి చూడండి. రావులు, రెడ్లు, రాజులు అందరూ అక్కడే గుంపుగా ఉంటారు. పేరు వరసకు మారిస్తే ఈసారి గుంపు ‘కె’ దగ్గర చేరుతుంది: కె. శ్రీనివాస రావు, కె. లక్ష్మి, కె.వి. రమణ. ఇంటిపేరులో మొదటి అక్షరం కలవడం తప్ప వీళ్ల మధ్య ఏ సంబంధమూ ఉండదు.

తప్పు వరసలో లేదు, గడుల్లో ఉంది. కాంటాక్టు కార్డులో ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గడులుంటాయి. పేరు ముందు, ఇంటిపేరు వెనక రాసే వాళ్ల అలవాటును బట్టి వాటిని తయారు చేశారు. మనం పేరంతా ఒకే వరసలో కొట్టేస్తే యాప్ ఖాళీలను చూసి ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క ఫస్ట్ నేమ్‌కు, చివరి ముక్క లాస్ట్ నేమ్‌కు, మధ్యలో మిగిలింది మిడిల్ నేమ్‌కు పోతాయి. అలా ‘కె. శ్రీనివాస రావు’లో ‘కె.’ పేరవుతుంది, ‘రావు’ ఇంటిపేరవుతుంది, అసలు పేరేమో మధ్య గడిలో దాక్కుంటుంది. ‘వి. వెంకట లక్ష్మి’ కార్డులో లక్ష్మి ఇంటిపేరై కూర్చుంటుంది. ఈ గడులు సరిచేయకుండా వరస ఎన్నిసార్లు మార్చినా పేర్లు కుదురుకోవు.

ముందు ఒక నియమం

కార్డులు సర్దడం మొదలుపెట్టే ముందు ఒక నియమం అనుకుని కాగితం మీద రాసుకోండి. సగం పేర్లు ఒక పద్ధతిలో, సగం ఇంకో పద్ధతిలో ఉంటే పాత గందరగోళమే నయం. తెలుగు పేర్లకు బాగా పనికొచ్చే నియమం ఇది:

ఫస్ట్ నేమ్ గడిలో పిలిచే పేరు మొత్తం రాయాలి. రావు, రెడ్డి, చౌదరి, నాయుడు, శర్మ, శాస్త్రి వంటివి పేరుకు అంటుకుని ఉండేవి కాబట్టి వాటినీ ఇక్కడే ఉంచాలి. మిడిల్ నేమ్ ఖాళీ. లాస్ట్ నేమ్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయాలి, పొడి అక్షరం వద్దు. అంటే ఫస్ట్ నేమ్‌లో ‘శ్రీనివాస రావు’, లాస్ట్ నేమ్‌లో ‘కొత్తపల్లి’.

ఇంటిపేరు పూర్తిగా రాయడం కొంచెం శ్రమే, కానీ ఫలితం దక్కేది అక్కడే. ‘కె’ అని ఉంటే అది కొత్తపల్లో కాట్రగడ్డో ఎవరూ చెప్పలేరు. పూర్తిగా ఉంటే మాత్రం, శుభలేఖలు పంపే రోజున వరసను లాస్ట్ నేమ్‌కు మార్చగానే ఒక ఇంటిపేరు వాళ్లంతా వరసగా దిగుతారు. ఎవరిని మరిచిపోయామో కంటికి కనిపిస్తుంది. పని అయ్యాక మళ్లీ ఫస్ట్ నేమ్ వరసకు మార్చుకోవచ్చు. రోజువారీ వాడకానికి అదే సుఖం, మనం మనిషిని గుర్తుపెట్టుకునేది పేరుతో కదా.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది. విదేశాల్లో ఉన్న చాలామందికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో రెడ్డి అనో, తండ్రి పేరో పడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో పేరుండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది. పేరు తెలియదు అని దాని అర్థం. వాళ్ల ఆఫీసు మెయిళ్లలో కూడా అదే పేరులా కనిపించవచ్చు, దాన్ని అలాగే సేవ్ చేయకండి. ఇలాంటి వాళ్ల విషయంలో వాళ్లు మెయిలు చివర సంతకం ఎలా పెడతారో అదే ప్రమాణం. అసలు ఇంటిపేరును నిక్‌నేమ్ గడిలో రాసి ఉంచితే వెతికినప్పుడు దొరుకుతుంది.

పొట్టి అక్షరాలన్నీ ఇంటిపేర్లు కావు. ‘ఎస్‌కే.’ అంటే షేక్, ‘ఎండీ.’ అంటే మహమ్మద్. రెండోదాన్ని డాక్టరు డిగ్రీ అనుకుని పేరు వెనక్కి నెట్టేయడం తరచూ జరిగే పొరపాటు. ఇవి పేరులో భాగాలు, విడదీసి పూర్తిగా రాయండి. ‘సిహెచ్.’, ‘బిహెచ్.’ రెండేసి అక్షరాలున్నా ఒక్క ఇంటిపేరుకే గుర్తు. మొదటిది చెరుకూరి కావచ్చు, చిట్టూరి కావచ్చు. తెలియకపోతే ఊహించి రాయకండి, లాస్ట్ నేమ్ గడిలో ఆ పొడి అక్షరాన్నే ఉంచి, అడిగి తెలుసుకున్నాక మార్చండి.

డాక్టర్, ప్రొఫెసర్ వంటివి ప్రిఫిక్స్ గడిలోకి వెళ్లాలి. ఫస్ట్ నేమ్‌లో పెడితే డాక్టర్లందరూ ‘డి’ కింద చేరతారు. ‘గారు’ను ఏ గడిలోనూ పెట్టకండి. సఫిక్స్ గడిలో పెడితే పేరు తరవాత కామా పడి ‘శ్రీనివాస రావు, గారు’ అన్నట్టు తయారవుతుంది. గౌరవం ఉత్తరంలో చూపిద్దాం.

మీరు పెట్టిన పేరు అవతలివాళ్లకూ కనిపిస్తుంది

ఇది చాలామందికి తెలియదు, తెలిసేసరికి పరువు పోతుంది. జీమెయిల్‌లో ‘టు’ దగ్గర కాంటాక్టును ఎంచుకుంటే, కార్డులో మీరు రాసుకున్న పేరే చిరునామాతో పాటు మెయిలులో వెళ్తుంది. ఆ మనిషీ చూస్తారు, అదే మెయిలు అందుకున్న మిగతావాళ్లూ చూస్తారు. ‘రమేష్ బాకీ’, ‘సుబ్బారావు నస’, ‘లక్ష్మి పనిమనిషి’ వంటి పేర్లు ఫోనులో గుర్తు కోసం పెట్టుకున్నవే కావచ్చు, కానీ అవి మీ ఫోను గడప దాటి పోతాయి.

కాబట్టి గుర్తు కోసం రాసే మాటలు పేరు గడుల్లో ఉండకూడదు. కరెంటు పని చేసే శ్రీనును ‘శ్రీను కరెంటు’ అని కాకుండా, ఫస్ట్ నేమ్‌లో ‘శ్రీను’, కంపెనీ గడిలో ‘కరెంటు పని, కూకట్‌పల్లి’ అని రాయండి. ‘కరెంటు’ అని వెతికినా దొరుకుతాడు. పది మంది శ్రీనివాస్‌లుంటే వాళ్లను విడిగా గుర్తుపట్టడానికి కూడా ఈ గడే ఆధారం. అమ్మ, చిన్నత్త, బావగారు లాంటి వరసలను నిక్‌నేమ్‌లో పెట్టుకోండి.

తెలుగులోనా, ఇంగ్లిషులోనా

రెండూ కలిపితే జాబితా రెండు ముక్కలవుతుంది. ఇంగ్లిషు అక్షరాల పేర్లన్నీ అయ్యాక, అడుగున తెలుగు పేర్లు అ నుంచి మళ్లీ మొదలవుతాయి. పేరు గడులకు ఏదో ఒక లిపి ఖాయం చేసుకుని, రెండో లిపిలో పేరును నిక్‌నేమ్‌లో రాయండి. ఆఫీసు మెయిళ్లు ఎక్కువగా పంపేవాళ్లకు ఇంగ్లిషే అనుకూలం. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లయితే తెలుగు పెట్టండి, చదవడానికి వాళ్లకు హాయిగా ఉంటుంది.

ఇంగ్లిషులో రాస్తే స్పెల్లింగు సమస్య వస్తుంది. లక్ష్మిని కొందరు ఎక్స్ పెట్టి రాస్తారు, కొందరు కె, ఎస్, హెచ్ వాడతారు. సత్యలో టి తరవాత హెచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. శ్రీనివాస్‌లో ‘శ్రీ’కి ఒక ఐ చాలు అనేవాళ్లూ, రెండు ఇ-లు రాసేవాళ్లూ ఉన్నారు. మీకు నచ్చిన స్పెల్లింగుకు అందరినీ మార్చకండి. ఆ మనిషి తన పేరును ఎలా రాసుకుంటారో అలాగే ఉండాలి. మీరు వెతికే స్పెల్లింగు వేరైతే దాన్నీ నిక్‌నేమ్‌లో చేర్చండి.

తెలుగులో రాసేవాళ్లకు కనపడని చిక్కు ఒకటుంది. ‘రాజ్‌కుమార్’లో జ కింద క వత్తు పడకుండా ఆపడానికి కీబోర్డు మధ్యలో ఒక అదృశ్య అక్షరం వేస్తుంది. అది లేకుండా కొట్టినది ‘రాజ్కుమార్’ అవుతుంది. కంప్యూటరుకు ఇవి రెండు వేరు వేరు మాటలు. వెతికితే పేరు దొరక్కపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. ‘రాజ్’ వరకే కొట్టి వెతకండి.

చేత్తో దిద్దాలా, షీటులోనా

రెండు మూడు వందల కార్డులైతే కంప్యూటర్లో కాంటాక్ట్స్ సైటు తెరిచి, రోజుకు 50 చొప్పున చేత్తో దిద్దడమే మంచిది. ఇంటిపేర్లు ఎలాగూ మీకు మాత్రమే తెలుసు. అంతకు మించి ఉంటే జాబితాను షీటులోకి, అంటే ఎక్సెల్ లాంటి గళ్ల పట్టికలోకి, దించాలి.

ఎక్స్‌పోర్ట్ నొక్కి గూగుల్ సీఎస్‌వీ ఎంచుకోండి, అంటే గడుల మధ్య కామాలు పెట్టి రాసిన మామూలు టెక్స్టు ఫైలు. వచ్చిన ఫైలుకు ఒక నకలు తీసి, దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఇక ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచే పని మాత్రం చేయకండి. తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారిపోవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఫోన్ నంబర్లకు జరుగుతుంది. ప్లస్ 91తో కలిపి 12 అంకెల నంబరును ఎక్సెల్ లెక్క అనుకుని, ప్లస్ తీసేసి, 9.19ఇ+11 లాగా కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే ఫైల్లోకి వెళ్తుంది, అసలు అంకెలు పోతాయి.

గూగుల్ షీట్స్‌లో ఖాళీ షీటు తెరిచి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ ద్వారా ఎక్కించండి. టెక్స్టును నంబర్లుగా, తేదీలుగా, ఫార్ములాలుగా మార్చమనే చోట టిక్ తీసేయండి. మొదటి వరుసలో ఉన్న గడుల పేర్లను మార్చకూడదు, మారిస్తే తిరిగి ఎక్కించేటప్పుడు ఏది ఎక్కడికి పోవాలో తెలియదు.

పక్కన ఒక కొత్త నిలువు వరుసలో లెన్ ఫార్ములాతో ఫస్ట్ నేమ్ అక్షరాల లెక్క తీసి, చిన్నదాని నుంచి పెద్దదానికి వరస పెట్టండి. ఇంగ్లిషులో రాసిన పొడి అక్షరాలన్నీ పైకి తేలతాయి. తెలుగులో రాసిన పేర్లకు ఈ ఉపాయం పనిచేయదు. లెన్ గుణింతాన్నీ పొల్లునూ విడిగా లెక్కిస్తుంది కాబట్టి ‘ఎస్’కూ మూడే, ‘రవి’కీ మూడే. వాటిని కంటితో చూసి ఏరుకోవాలి. అలా దొరికిన ప్రతి వరుసలో మిడిల్, లాస్ట్ ముక్కలను కలిపి ఫస్ట్ నేమ్‌లోకి తెచ్చి, మిడిల్ ఖాళీ చేసి, లాస్ట్‌లో ఇంటిపేరు కొట్టండి. పేర్ల ముందూ వెనకా మిగిలిన ఖాళీలను తీసేయడానికి ట్రిమ్ అనే ఫార్ములా ఉంది. పని అయ్యాక లెక్క కోసం పెట్టుకున్న వరుసను తీసేసి సీఎస్‌వీగా దించుకోండి.

తిరిగి ఇంపోర్ట్ చేస్తే పాత కార్డులు దిద్దుబాటు కావు, కొత్తవి చేరతాయి. అందువల్ల ముందు ఐదు పేర్ల చిన్న ఫైలుతో ప్రయత్నించండి. ఒక్కసారికి 3,000 కార్డులకు మించి తీసుకోదు. ఎక్కినవాటికి ఆ రోజు తేదీతో ఒక లేబుల్ దానంతటదే వస్తుంది. ఆ లేబుల్ తెరిచి నంబర్లు, మెయిల్ చిరునామాలు సరిగా ఉన్నాయని నమ్మకం కుదిరాకే పాతవి తీసేయండి. ఫోటోలు మాత్రం ఈ దారిలో తిరిగి వస్తాయని ఆశించవద్దు.

మెర్జ్ దగ్గర తొందరపడకండి

‘మెర్జ్ అండ్ ఫిక్స్’లో ఒకే మనిషివని అనుమానించిన కార్డులను చూపి, అన్నీ ఒకేసారి కలిపేయమంటుంది. మన ఇళ్లలో తండ్రీకొడుకులకు, భార్యాభర్తలకు ఒకే ఫోను ఉండడం, అమ్మానాన్నలకు కొడుకు మెయిలే ఇవ్వడం మామూలు. అవన్నీ కలిసి ఒకే కార్డయితే పెద్దాయన పేరు జాబితాలోంచి మాయమవుతుంది. ఒక్కొక్కటే చదివి కలపండి.

పొరపాటు జరిగితే సెట్టింగ్స్‌లో ‘అన్‌డూ ఛేంజెస్’ ఉంది, 30 రోజుల వెనక్కి వెళ్లవచ్చు. అయితే అది ఒక్క కార్డును కాదు, జాబితా మొత్తాన్ని ఆనాటి స్థితికి తీసుకుపోతుంది. మధ్యలో చేర్చిన కొత్త కార్డులు పోతాయి. చెరిపేసిన ఒక్క కార్డు కావాలంటే బిన్‌లో వెతకండి, అక్కడ 30 రోజులుంటుంది.

వరస, లేబుళ్లు

ఆండ్రాయిడ్‌లో గూగుల్ కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో ‘సార్ట్ బై’, ‘నేమ్ ఫార్మాట్’ విడివిడిగా ఉంటాయి. మొదటిది ఫస్ట్ నేమ్‌కు, రెండోది లాస్ట్ నేమ్ ముందుకు పెడితే, వరస పేరును బట్టే ఉంటుంది, చూపడం మాత్రం మన పద్ధతిలో ఇంటిపేరు ముందుగా ఉంటుంది. ఐఫోన్‌లో ఇవే సార్ట్ ఆర్డర్, డిస్‌ప్లే ఆర్డర్ అన్న పేర్లతో సెట్టింగ్స్‌లోని కాంటాక్ట్స్‌లో దొరుకుతాయి. కొత్త ఐఫోన్లలో ముందు ‘యాప్స్’లోకి వెళ్లాలి.

లేబుళ్లు తక్కువగా పెట్టుకోండి: బంధువులు, ఆఫీసు, అపార్ట్‌మెంట్, పిల్లల బడి. ఒక మనిషికి రెండు లేబుళ్లున్నా ఇబ్బంది లేదు. మెయిలు రాసేటప్పుడు లేబుల్ పేరు కొడితే అందులో ఉన్నవాళ్లందరూ వస్తారు. ఎక్కువ మందికి పంపేటప్పుడు ఆ పేరును ‘టు’లో కాకుండా ‘బీసీసీ’లో కొట్టండి, ఒకరి చిరునామా ఇంకొకరికి తెలియదు. మామూలు జీమెయిల్ ఖాతాలో ఒక మెయిలుకు 500 మందే పరిమితి.

ఇంత సర్దాక కూడా, పేరు కొట్టగానే ఎప్పుడో మూసేసిన చిరునామా ఎదురైతే అది మీ జాబితాలోది కాదు. మీరు ఎవరికైనా మెయిలు పంపినప్పుడు జీమెయిల్ తనంతట తాను దాచిపెట్టే ‘అదర్ కాంటాక్ట్స్’ నుంచి వస్తుంది. కాంటాక్ట్స్ సైటులో ఎడమవైపు ఆ పేరు నొక్కి, పాత చిరునామాను వెతికి తీసేయండి. ఇక మీదట చేరకూడదనుకుంటే జీమెయిల్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద ‘క్రియేట్ కాంటాక్ట్స్ ఫర్ ఆటో-కంప్లీట్’ దగ్గర, కాంటాక్టులను నేనే చేర్చుకుంటాను అనే రెండో ఎంపిక పెట్టి, అడుగున సేవ్ ఛేంజెస్ నొక్కండి.