మాల్దీవుల రిసార్ట్‌కు చేరుకోవడం ఎలా? ప్లాన్‌ను చివరి అంచె నుంచి వేయండి

మాలేలో విమానం దిగగానే ప్రయాణం అయిపోదు. వెలానా అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నది హుల్‌హులే దీవిలో. మీరు గది తీసుకున్న రిసార్ట్ ఇంకెక్కడో వేరే దీవిలో ఉంటుంది. మధ్యలో ఉన్నదంతా సముద్రమే. చాలామంది చవకగా దొరికిందని ముందు విమానం టికెట్ కొనేసి, రిసార్ట్‌కు వెళ్లే సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. సాయంత్రం దిగాక సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) లేదని తెలిసి, రాత్రికి హోటల్ వెతుక్కోవాల్సి వచ్చేది ఇలాంటివాళ్లకే. అందుకే లెక్కను చివరి నుంచి వెనక్కి వేయాలి.

1. ముందు చివరి అంచె తేల్చుకోండి

రిసార్ట్ బుక్ చేసేటప్పుడే మాలే నుంచి ఎలా తీసుకెళ్తారో, ఆ ఖర్చు గది ధరలో కలిసి ఉందో లేదో అడగండి. సీప్లేన్ అయితే రానూపోనూ మనిషికి కొన్ని వందల డాలర్లు అవుతుంది. చవక గది అనుకున్నది ఖరీదయ్యేది ఇక్కడే.

స్పీడ్‌బోట్ దగ్గరి దీవులకు నడుస్తుంది. రాత్రి దిగినా పర్వాలేదు. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలుల కాలం కాబట్టి అలలు ఎక్కువ. బోటు ముందు భాగం బాగా ఎగిరిపడుతుంది, వెనక సీట్లలో కూర్చోండి. కడుపులో తిప్పే అలవాటు ఉంటే మాత్ర ఎక్కే ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు.

దేశీయ విమానం దూరపు దీవులకు. చీకటి పడ్డాక కూడా నడుస్తుంది. అక్కడ దిగాక మళ్లీ బోటు ఎక్కాలి.

సీప్లేన్‌తోనే అసలు చిక్కు. నీటి మీద రన్‌వే దీపాలు ఉండవు, పైలట్ కంటితో చూసుకుంటూ దించాలి. కాబట్టి పగటి పూటే నడుస్తుంది. దాదాపు పదిహేను మంది పట్టే ట్విన్ ఆటర్ విమానం ఒకే ట్రిప్పులో రెండు మూడు రిసార్ట్‌ల దగ్గర ఆగుతూ వెళ్లవచ్చు. మధ్యాహ్నం 3:30 దాటాక మాలేలో దిగేవాళ్లకు ఆ రోజు సీప్లేన్ దొరకడం కష్టమని సాధారణంగా చెబుతారు. మీ రిసార్ట్ పెట్టిన గడువు ఎంతో ఈమెయిల్‌లో రాయించుకోండి.

2. ఆ గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

గడువు 3:30 అయితే, మధ్యాహ్నం 12కో అంతకు ముందో దిగే విమానం చూసుకోండి. రెండు గంటలు ఆలస్యమైనా గట్టెక్కుతారు. సాయంత్రం దిగే విమానం తప్ప గతి లేకపోతే, ఆ రాత్రికి పక్కనే ఉన్న హుల్‌హుమాలే దీవిలో గది తీసుకోండి. విమానాశ్రయం నుంచి అక్కడికి రోడ్డు ఉంది. అంత డబ్బు పోసిన రిసార్ట్‌లో మొదటి రాత్రి వృథా చేసుకోవడం కంటే ఇదే నయం.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే సూత్రం. తెల్లవారాకే మొదటి సీప్లేన్ కదులుతుంది కాబట్టి, మాలే నుంచి ఉదయం తొమ్మిదిలోపు బయల్దేరే విమానం కొనకండి.

3. మాలే దాకా ఒకే టికెట్

మధ్యలో విమానం మారాల్సి ఉంటే, అన్ని అంచెలూ ఒకే పీఎన్‌ఆర్ కింద ఉండాలి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, తర్వాతి దాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థదే. విడివిడి టికెట్లయితే రెండోది పోయినట్టే. పైగా మధ్యలో బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, దానికి ఆ దేశపు వీసా కావాల్సి రావచ్చు. విడిగా కొనక తప్పకపోతే మధ్యలో కనీసం అయిదారు గంటలు వదలండి. చెకిన్‌లో బ్యాగుకు కట్టే ట్యాగ్ మీద MLE అన్న మూడక్షరాల మాలే కోడ్ ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.

4. కాగితాలు

టూరిస్టులకు వీసా అక్కడ దిగాకే ఇస్తారు, రుసుము లేదు. పాస్‌పోర్ట్, తిరుగు టికెట్, రిసార్ట్ బుకింగ్ పత్రం చేతిలో ఉండాలి. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఇముగా అనే ప్రభుత్వ పోర్టల్‌లో డిక్లరేషన్ నింపాలి. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు మరోసారి. ఇది ఉచితం. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. విమానం నంబర్, దిగే సమయం రిసార్ట్‌కు ముందే పంపండి, సీప్లేన్‌లో చోటు పెట్టించేది వాళ్లే.

5. సామాను

పెద్ద విమానంలో 30 కిలోలు అనుమతించినా, సీప్లేన్‌లో మామూలుగా 20 కిలోల బ్యాగు, 5 కిలోల చేతి సంచి. పైబడితే కిలో లెక్కన కట్టాలి. బరువెక్కువైతే మీ పెట్టె తర్వాతి సీప్లేన్‌లో రావచ్చు కూడా. అందుకే ఒక జత బట్టలు, ఈత దుస్తులు, మందులు, ఛార్జర్ చేతి సంచిలోనే ఉంచండి. పవర్ బ్యాంక్ కూడా అందులోనే, 100 వాట్-అవర్లకు మించకూడదు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు, అది సరిపోతుంది.

మద్యం, పంది మాంసం, వేప్ (ఈ-సిగరెట్) పరికరాలు తీసుకెళ్లకూడదు. దారిలో డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాకూ ఇదే వర్తిస్తుంది. పూజా విగ్రహాలు కూడా నిషిద్ధ వస్తువుల జాబితాలో ఉన్నాయి. చిన్నదే కదా అని పెట్టెలో వేసుకోకండి.

6. మాలేలో దిగాక

బెల్టు మీద బ్యాగు రాకపోతే, హాలు దాటకముందే ఫిర్యాదు రాయించి నంబర్ తీసుకోండి. చిరునామాగా రిసార్ట్ పేరు, దీవి పేరు ఇవ్వండి. ఇంటి చిరునామా ఇస్తే బ్యాగు ఇంటికే వెళ్తుంది. బయట రిసార్ట్ ప్రతినిధి బోర్డు పట్టుకుని ఉంటారు, సీప్లేన్ టెర్మినల్‌కు బస్సు ఎక్కిస్తారు. అక్కడ గంటా రెండు గంటల నిరీక్షణ మామూలే.

సీప్లేన్‌లో సీటు నంబర్లు ఉండవు, టాయిలెట్ ఉండదు, ఏసీ ఉండదు. మోత విపరీతం. ఇయర్‌ప్లగ్‌లు ఇస్తారు, పెట్టుకోండి. పైలట్లు చెప్పుల్లేకుండా కనిపిస్తే కంగారు పడకండి, అక్కడ అది రివాజే.

చాలా రిసార్ట్‌లు మాలే కంటే గంట ముందున్న సొంత గడియారం పాటిస్తాయి. తిరుగు సీప్లేన్ సమయం ముందురోజు సాయంత్రం చీటీ మీద వస్తుంది. అది రిసార్ట్ సమయమా, మాలే సమయమా అని రిసెప్షన్‌లో అడగండి. స్కూబా డైవింగ్ చేసేవాళ్లు చివరి డైవ్‌కూ సీప్లేన్‌కూ మధ్య 24 గంటలు ఉండేలా ముందే చూసుకోవాలి.