హాట్‌స్పాట్ డేటా మిగిల్చే చిన్న అమరిక

ఫోన్ హాట్‌స్పాట్ మీద నాలుగు వార్తల పేజీలు తెరిచేసరికి రోజు డేటాలో పెద్ద ముక్క బొమ్మలకే పోతుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ వేసుకున్నవాళ్లు చాలామంది దాన్ని ప్రకటనలు ఆపడానికే వాడతారు. బరువైన బొమ్మల్నీ అదే ఆపగలదు.

యూబ్లాక్ గుర్తు నొక్కి, పళ్లచక్రం బొమ్మ మీద నొక్కండి. సెట్టింగ్స్‌లో 'బ్లాక్ మీడియా ఎలిమెంట్స్ లార్జర్ దాన్' అనే వరుసకు టిక్ పెట్టండి. పక్కన 50 కేబీ అని ఉంటుంది. అలాగే ఉంచితే చిన్న బొమ్మలు వస్తాయి, పెద్దవి ఆగిపోతాయి. మరీ బోసిగా అనిపిస్తే 100 చేయండి. ఆగిన బొమ్మ చోట ఖాళీ గడి కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఆ ఒక్కటే దిగుతుంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇదే పద్ధతి.

ఈ-పేపర్లలో మాత్రం పేజీ మొత్తం ఒక బొమ్మే కాబట్టి ఏమీ కనిపించదు. అక్కడ యూబ్లాక్ గుర్తు నొక్కి, ఫిల్ము బొమ్మతో ఆ సైటుకు మినహాయింపు ఇవ్వండి (ఫిల్ము బొమ్మ కనిపించకపోతే 'మోర్' నొక్కాలి), పేజీ మళ్లీ లోడ్ చేయండి. యూట్యూబ్ లాంటివి వీడియోను ముక్కలుగా పంపుతాయి, వాటిని ఇది ఆపదు. క్రోమ్‌లో దొరికే యూబ్లాక్ ఆరిజిన్ లైట్‌లో ఈ అమరిక లేదు.

పక్కనే ఉన్న 'బ్లాక్ రిమోట్ ఫాంట్స్' జోలికి వెళ్లకండి. మెనూ గుర్తులు గడులుగా మారతాయి, సొంత ఫాంట్ మీద నడిచే పాత తెలుగు సైట్లలో అక్షరాలే చెదిరిపోతాయి.