ఎయిర్ పిస్టల్‌లో పెల్లెట్ కూర్చోబెట్టడం: నా అనుభవం

అనంతపురంలో మా రేకుల షెడ్డులో 10 మీటర్ల ప్రాక్టీస్. పదిలో రెండు పెల్లెట్లు (చిన్న లోహపు గుళ్లు) టార్గెట్ మీద ఏడు వలయంలోకి ఎగిరిపోయేవి. గురి చూసే సైట్లు తిప్పాను, పట్టు మార్చాను, బ్యారెల్ తుడిచాను, లాభం లేదు.

చివరికి లోడింగ్ దగ్గరే పట్టుకున్నాను. తొందరలో పెల్లెట్ సగమే దూరేది, లోడింగ్ మూత దాని పలుచని వెనక అంచును నొక్కి వంచేసేది. ఇప్పుడు పిస్టల్ మూతి టార్గెట్ వైపే, వేలు ట్రిగ్గర్‌కు దూరం. మొదట పెల్లెట్ వెనక అంచు గుండ్రంగా ఉందా చూస్తాను, సొట్ట ఉంటే పక్కన పెడతాను. తర్వాత బొటనవేలితో నిటారుగా నెట్టి, అంచు బ్యారెల్ వెనక ముఖానికి సమానమైందా అని గోరుతో తడుముతాను. అప్పుడే మూత. ఆ తర్వాతే 4.49, 4.50 మి.మీ. తలసైజులు (పెల్లెట్ ముందు భాగం వ్యాసం) పోల్చాను. నా బ్యారెల్‌కు 4.50 కుదిరింది.

గుళ్లు ఇప్పుడు తొమ్మిది వలయం లోపలే. ఎంత సంతోషమో! మీ పిస్టల్‌కు సైజు వేరే కావచ్చు, లోపం ట్రిగ్గర్ లాగడంలోనూ ఉండొచ్చు.