కరెంటు ఛార్జీల ప్రతిపాదనపై ఈఆర్‌సీకి అభ్యంతరం రాయడం ఎలా

ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కరెంటు ధరకు అంతకు ముందు నవంబరులోనే బీజం పడుతుంది. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, తమ వార్షిక ఆదాయ అవసరాల నివేదికను, అంటే ఏఆర్‌ఆర్‌ను, నవంబరు 30 నాటికి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీకి) ఇవ్వాలి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు అందిన 120 రోజుల్లోగా మండలి ఉత్తర్వు ఇవ్వాలి. ప్రజల అభ్యంతరాలను పరిశీలించాకే ఇవ్వాలి. మీ గడువు ఆ 120 రోజుల్లోనే ఉంటుంది. కచ్చితమైన తేదీ పత్రికల్లో వచ్చే బహిరంగ ప్రకటనలో ఉంటుంది. ఏఆర్‌ఆర్ పూర్తి ప్రతి డిస్కం, ఈఆర్‌సీ వెబ్‌సైట్లలో దొరుకుతుంది. న్యాయవాదిని పెట్టుకోనక్కర్లేదు.

రాయడానికి ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి: మీరు ప్రశ్నించే ఖర్చు ఎవరి చేతిలో ఉంది? చాలా అభ్యంతరాలు ఇక్కడే వీగిపోతాయి.

సింహాద్రి, రామగుండం లాంటి ఎన్టీపీసీ (కేంద్ర ప్రభుత్వ సంస్థ) విద్యుత్ కేంద్రాల ధరను ఢిల్లీలోని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. కూడంకుళం, కైగా అణు కరెంటు ధర అణుశక్తి విభాగానిది. అంతర్రాష్ట్ర లైన్ల ఛార్జీలు కూడా కేంద్ర మండలి నిబంధనల ప్రకారమే వస్తాయి. వీటి రేటు తగ్గించమని రాష్ట్ర మండలిని అడిగితే అది మా పరిధి కాదన్న జవాబే వస్తుంది. విద్యుత్ సుంకం రాష్ట్ర ప్రభుత్వ పన్ను, దానిదీ అదే దారి. జెన్‌కో (రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ) కేంద్రాల ధర, డిస్కం కుదుర్చుకునే కొనుగోలు ఒప్పందాల ఆమోదం, రాష్ట్ర ట్రాన్స్‌కో (సరఫరా లైన్ల సంస్థ) ఛార్జీలు, పంపిణీ నష్టాల (దారిలో పోయే కరెంటు) లక్ష్యం, డిస్కం జీతాలు, నిర్వహణ, వడ్డీ, ఏ వర్గానికి ఎంత రేటు అన్నవి మాత్రం పూర్తిగా రాష్ట్ర మండలి చేతిలోనివే. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కేంద్ర ప్లాంటు రేటును రాష్ట్ర మండలి మార్చలేదు గానీ, దాన్నుంచి ఎన్ని యూనిట్లు కొంటామన్న డిస్కం అంచనాను కోయగలదు. కాబట్టి రేటు మీద కాకుండా పరిమాణం మీద ప్రశ్న వేయండి.

తీగలు, సబ్‌స్టేషన్ల ఖర్చు అయిదేళ్లకోసారి తేలుతుంది. ప్రస్తుత అయిదో నియంత్రణ కాలం 2024-25 నుంచి 2028-29 వరకు. ఆ లెక్కను ఏటా వచ్చే రిటైల్ సరఫరా విచారణలో తిరగదోడలేరు. అయితే ఆమోదించిన పెట్టుబడిలో నిజంగా ఎంత ఖర్చయిందని అడగవచ్చు.

ఇక ఏఆర్‌ఆర్ చదవడం. వందల పేజీలుంటుంది, అంతా చదవనవసరం లేదు. అమ్మకాల అంచనా, నష్టాల శాతం, విద్యుత్ కొనుగోలు వ్యయం, ఆదాయ లోటు అన్న నాలుగు పట్టికలు తీసుకోండి. వీటి పక్కన కిందటేడాది మండలి ఆమోదించిన అంకె, ఆ ఏడాది వాస్తవంగా వచ్చిన అంకె పెట్టండి. ఆ మూడు అంకెలు పొసగని చోట మీ అభ్యంతరం ఉంది.

నష్టాల లెక్క చిన్నదిగా కనబడుతుంది గానీ బరువైనది. వినియోగదారుకు 100 యూనిట్లు అందాలంటే, నష్టం 10 శాతం అయితే 111.1 యూనిట్లు కొనాలి. 8 శాతం అయితే 108.7 చాలు. కొనుగోలు సగటున 5 రూపాయలనుకుంటే ఆ 2.4 యూనిట్ల తేడా 12 రూపాయలు. అంటే అమ్మే ప్రతి యూనిట్ మీదా 12 పైసలు. మీ డిస్కం అంకెలు పెట్టి ఇదే లెక్క వేసి రాస్తే, డిస్కం నుంచి కచ్చితమైన సమాధానం రాబట్టడం తేలిక.

దీనికి వ్యవసాయ అంచనాను జతచేసి చూడాలి. పంపుసెట్లలో అత్యధికం మీటర్లు లేనివే కాబట్టి, ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్లకు బిగించిన మీటర్ల నమూనా నుంచి మొత్తం వాడకాన్ని లెక్కగడతారు. ఆ అంచనా ఎక్కువగా వేస్తే నష్టాలు తక్కువగా కనిపిస్తాయి. ఎందుకంటే దారిలో పోయిన కరెంటు కూడా రైతు ఖాతాలోకి వెళుతుంది. నమూనాలో ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి, వాటిలో ఎన్ని మీటర్లు ఏడాది పొడవునా పనిచేశాయి, వాన బాగా పడ్డ ఏడాదీ కరువు ఏడాదీ అంచనా ఒకేలా ఉందా అని అడగండి. ఉచిత విద్యుత్తుకు ఇది వ్యతిరేకం కాదు. 65వ సెక్షన్ ప్రకారం ఆ రాయితీని ప్రభుత్వం ముందుగానే చెల్లించాలి. లెక్క సరిగ్గా ఉంటేనే ఎంత చెల్లించాలో తేలుతుంది.

కొనుగోలు వ్యయం దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. 'ఎక్స్ఛేంజిలో (కరెంటు కొని అమ్మే విపణిలో) యూనిట్ 4 రూపాయలకు దొరుకుతుంటే 6 రూపాయల ప్లాంటు నుంచి ఎందుకు కొంటున్నారు?' అని రాస్తారు. థర్మల్ ప్లాంటు ధరలో స్థిర వ్యయం, చర వ్యయం (ముఖ్యంగా ఇంధనం ఖర్చు, తీసుకున్న యూనిట్లను బట్టి మారేది) అని రెండు భాగాలుంటాయి. ఆ 6 రూపాయల్లో 2.50 స్థిర వ్యయం అనుకోండి. ప్లాంటు కరెంటు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే చాలు, డిస్కం వాడుకోకపోయినా ఆ సొమ్ము కట్టాల్సిందే. అందుకే ఎక్స్ఛేంజి ధరను 6తో కాదు, చర వ్యయమైన 3.50తో పోల్చాలి. అలా చూస్తే ప్లాంటే చౌక. చర వ్యయం తక్కువున్న ప్లాంటును ముందు, ఎక్కువున్నదాన్ని చివర వాడే వరుసకు మెరిట్ ఆర్డర్ అని పేరు. ఏఆర్‌ఆర్‌లో ఆ వరుస తప్పిందా అని చూడండి. వరుస సరిగ్గానే ఉన్నా కొన్ని ప్లాంట్లు ఏడాదంతా ఖాళీగా ఉండి స్థిర వ్యయం మాత్రమే తీసుకుంటుంటే, ఆ ఒప్పందం ఎందుకు కొనసాగుతోందన్నది గట్టి ప్రశ్న.

ఎక్స్ఛేంజి సగటు ధరనూ నమ్మి కూర్చోకూడదు. అక్కడ రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కో భాగానికి విడిగా ధర తేలుస్తారు. సౌర విద్యుత్తు పుష్కలంగా ఉండే మధ్యాహ్నం ధర బాగా పడుతుంది, సూర్యుడు వాలాక పెరుగుతుంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మండలి యూనిట్‌కు 10 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. డిస్కం స్వల్పకాలిక కొనుగోళ్లు ఏ గంటల్లో జరిగాయో అడిగి తెలుసుకున్నాకే ఎక్కువ పెట్టి కొన్నారో లేదో చెప్పగలం.

అభ్యంతర పత్రం రెండు మూడు పేజీలకు మించనక్కర్లేదు. పేరు, పూర్తి చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఏ డిస్కం ప్రతిపాదన మీద రాస్తున్నారు, అభ్యంతరాల సారాంశం, స్వయంగా హాజరై మాట్లాడతారా లేదా అన్నవి ఉండాలి. ఒక్కో అభ్యంతరానికి ఒక్కో నంబరు వేయండి. ఏఆర్‌ఆర్ పేజీ, పట్టిక సంఖ్య, డిస్కం అంకె, మీ అంకె, మండలి ఏం చేయాలని కోరుతున్నారో వరుసగా రాయండి. 'ఛార్జీలు పెంచొద్దు' అన్న వాక్యం ఒక్కటే ఉంటే మండలి ఆమోదించడానికీ తోసిపుచ్చడానికీ అందులో ఏమీ ఉండదు. తెలుగులో నిరభ్యంతరంగా రాయవచ్చు.

ముందు డిస్కం కార్యాలయానికి పంపి అందినట్టు ముద్ర గానీ, పోస్టు రసీదు గానీ తీసుకోండి. ఆ రుజువుతో పాటు మరో ప్రతిని గడువులోగా మండలి కార్యదర్శికి పంపాలి. మంచి అభ్యంతరాలు కూడా ఈ రుజువు జతచేయనందువల్ల ఇబ్బందిలో పడతాయి. హాజరయ్యే గడిలో 'అవును' అని రాయడం మరవొద్దు. డిస్కం రాతపూర్వకంగా ఇచ్చే జవాబును విచారణకు ముందే చదివి, దాటవేసిన అంశాన్నే మాట్లాడండి. దొరికేది కొద్ది నిమిషాలే. ఒకటి రెండు అంశాలకు మించి ఎత్తుకుంటే ఏదీ నిలవదు.

మీ ఇంటి బిల్లు తప్పు, మీటరు గొడవ, ఓల్టేజి సమస్య ఈ విచారణకు తేవద్దు. వాటికి ముందు 1912 ఫోన్ నంబరు, తర్వాత డిస్కం స్థాయిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, అక్కడా న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

టారిఫ్ ఉత్తర్వు వచ్చాక ముందు మీ అంశం వెతకండి. అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి అభిప్రాయం ఒకదాని కింద ఒకటి అచ్చువేస్తారు. లెక్కలో స్పష్టమైన తప్పు దొర్లి ఉంటే అదే మండలికి పునఃసమీక్ష పిటిషన్ వేయవచ్చు. నిర్ణయమే తప్పనిపిస్తే, ఉత్తర్వు ప్రతి అందిన 45 రోజుల్లోగా 111వ సెక్షన్ కింద ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి.