తక్కువ డబ్బుతో చేపల వేటకి బెయిట్‌కాస్టింగ్ రీలు కొనడం: చెన్నై చెరువులకీ, ఉప్పునీళ్లకీ

రీలు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించేవి మూడు: బేరింగుల సంఖ్య, గేర్ రేషియో (హ్యాండిల్ ఒక చుట్టుకి దారం చుట్టుకునే స్పూల్ ఎన్నిసార్లు తిరుగుతుందో), మ్యాక్స్ డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం వదలకుండా ఎంత బలం దాకా ఆపుతుందో). చవక రీళ్లలో ఈ మూడింటినీ పెంచి చూపించడం తేలిక. బడ్జెట్ బిగుతుగా ఉన్నప్పుడు మీ డబ్బు పోవాల్సింది స్పూల్ దగ్గరికి. అంటే స్పూల్ వంకర లేకుండా తిరగడం, దాని రెండు చివర్లా ఉన్న బేరింగులు, దాన్ని అదుపులో పెట్టే బ్రేకు. ఇవి బాగుంటే మిగతా లోపాలతో నెట్టుకురావచ్చు. ఇవి బాగోకపోతే పదమూడు బేరింగులున్నా చేతిలో మిగిలేది దారపు చిక్కే.

ముందు ఒక ప్రశ్న: మీకు బెయిట్‌కాస్టరే కావాలా? స్పిన్నింగ్ రీల్లో విసిరేటప్పుడు స్పూల్ కదలదు, దారం దాని మీంచి జారిపోతుంది. బెయిట్‌కాస్టర్లో ఎర బరువే స్పూల్‌ని లాగి తిప్పాలి. చవక రీళ్ల స్పూళ్లు లోతుగా, బరువుగా ఉంటాయి కాబట్టి 10 గ్రాముల లోపు ఎరలతో ఇవి మొరాయిస్తాయి, 7 గ్రాముల లోపయితే విసరడమే శిక్ష. మీరు పట్టేది ఎక్కువగా జిలేబీ చేపలైతే, పిండి ముద్దో వానపామో గుచ్చి బెండుతో కూర్చునే పనైతే, అదే డబ్బుకి మంచి స్పిన్నింగ్ రీలు వస్తుంది. అదే కొనుక్కోండి. కలుపు నిండిన చెరువుల్లో 12 నుంచి 20 గ్రాముల కప్పబొమ్మతో కొర్రమీను కోసం తిరిగేవాళ్లకీ, పులికాట్, ముట్టుకాడు వైపు ఉప్పునీళ్లలో పండుగప్ప కోసం బరువైన ఎరలు వేసేవాళ్లకీ బెయిట్‌కాస్టర్ నిజంగా పనికొస్తుంది. చెన్నై షాపుల్లో తమిళ పేర్లతో విరాల్‌కి (కొర్రమీను), కొడువాకి (పండుగప్ప) అని అడిగితే అసలు సంగతి వెంటనే అర్థమవుతుంది.

చెయ్యి సంగతి కొనకముందే తేల్చుకోవాలి. స్పిన్నింగ్ రీల్లో హ్యాండిల్ ఊడదీసి రెండో వైపు పెట్టుకోవచ్చు. బెయిట్‌కాస్టర్లో అది కుదరదు. కుడిచేత్తో విసిరి, రాడ్డు ఆ చేతిలోనే ఉంచి ఎడమచేత్తో తిప్పే అలవాటుంటే ఎడమ హ్యాండిల్ రీలే అడగాలి. షిమానో మోడళ్లలో చాలావాటికి చివరి అంకె చూస్తే తెలుస్తుంది: 150 అయితే కుడి, 151 అయితే ఎడమ. ఆన్‌లైన్లో ఫొటో చూసి ఆర్డర్ చేసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఫొటోలో ఉన్న వైపే వస్తుందని నమ్మకుండా మోడల్ పేరు చివర చదవండి.

బ్రేకులు

రెండు రకాలు. మాగ్నెటిక్ బ్రేకులో పక్కప్లేటు లోపల అయస్కాంతాలుంటాయి. బయటి డయల్ తిప్పితే అవి అల్యూమినియం స్పూల్‌కి దగ్గరగానో దూరంగానో జరుగుతాయి. స్పూల్‌ని తాకకుండానే దాని వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి అరిగే భాగం ఏమీ లేదు. సెంట్రిఫ్యూగల్ బ్రేకులో స్పూల్ పక్కన చిన్న పిన్నుల మీద ప్లాస్టిక్ ముక్కలుంటాయి. స్పూల్ వేగం పుంజుకోగానే అవి బయటికి జరిగి అంచుని రాస్తాయి. చాలా చవక మోడళ్లలో వీటిని మార్చాలంటే పక్కప్లేటు తెరవాలి, గట్టు మీద నిలబడి తెరిస్తే ఏదో ఒక ముక్క నీళ్లపాలవుతుంది.

మొదటి రీలుకి, అందులోనూ చెన్నైలో, బయట డయల్ ఉన్న మాగ్నెటిక్ బ్రేకే నయం. కారణం గాలి. ఎండాకాలంలో మధ్యాహ్నానికల్లా సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. కోవళం ఒడ్డున ఉదయం సరిపోయిన సెట్టింగు రెండు గంటలకి పనికిరాదు. ఎదురుగాలిలో ఎర నెమ్మదిస్తుంది, స్పూల్ మాత్రం పాత వేగంతోనే తిరుగుతూ దారం వదులుతుంది. ఆ అదనపు దారమే చిక్కు. డయల్‌ని రెండు గీతలు పెంచితే సరిపోయే చోట పక్కప్లేటు తెరిచి పిన్నులు లెక్కపెట్టుకోవడం ఎందుకు? ఒక జాగ్రత్త: కొన్ని పేరులేని రీళ్లలో డయల్ మీద 0 నుంచి 10 దాకా అంకెలుంటాయి గానీ లోపల అయస్కాంతం జరగదు. స్పూల్‌ని వేలితో తిప్పి వదిలి, డయల్ 0 మీద ఎంతసేపు తిరిగిందో, 10 మీద ఎంతసేపు తిరిగిందో చూడండి. తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలి.

షాపులో చేతికిచ్చాక

కుడిచేతి రీల్లో హ్యాండిల్ ఉన్న వైపే, దాని పక్కన చిన్న గుండ్రటి నాబ్ ఉంటుంది. అది స్పూల్ టెన్షన్. దాన్ని పూర్తిగా వదులు చేస్తే స్పూల్ అటూ ఇటూ కొంచెం కదులుతుంది, అది మామూలే. కదలిక ఆగేదాకా మెల్లగా బిగించి, అక్కడ ఆపండి. ఇప్పుడు బ్రేకు సున్నాలో పెట్టి, స్పూల్‌ని గేరు నుంచి వదిలే బొటనవేలి బార్ నొక్కి, స్పూల్‌ని ఒక్కసారి గట్టిగా తిప్పి వదలండి. చూపు స్పూల్ అంచుకీ ఫ్రేముకీ మధ్య ఉన్న సందు మీద పెట్టండి. సందు ఒకేలా ఉండాలి. వెడల్పవుతూ సన్నబడుతూ కనిపిస్తే స్పూల్ వంకర. దాన్ని ఏ నూనే బాగుచెయ్యదు, సన్నటి దారం ఆ సందులోంచి వెనక్కి కూడా దూరుతుంది. చెవి దగ్గర పెట్టుకుని వినండి. సన్నటి ఈల లాంటి చప్పుడు పొడి బేరింగుది, ఒక చుక్క నూనెతో పోతుంది. గరగరమంటే పెట్టెయ్యండి.

తర్వాత బార్ నొక్కడం, హ్యాండిల్ తిప్పి గేరులోకి తేవడం వరసగా ఇరవైసార్లు చెయ్యండి. షాపాయన మొహం చూడకండి. ఒక్కసారైనా గేరు పడకుండా జారితే, చేప తగిలిన క్షణంలోనూ జారుతుంది. హ్యాండిల్‌ని వెనక్కి తిప్పబోతే అక్కడికక్కడ ఆగాలి. పావు చుట్టు వెనక్కి వెళ్లి ఆగేదైతే లోపలున్న వన్‌వే బేరింగు బాగోలేదు, లేదా ఫ్యాక్టరీలో దాంట్లోకి గ్రీజు ఎక్కువ పోయింది.

రెండు అరచేతులతో రీలు పక్కలు గట్టిగా నొక్కి పట్టుకుని హ్యాండిల్ తిప్పించండి. నొక్కినప్పుడు బిగుసుకుపోతే ఫ్రేము వంగుతోందన్నమాట. చివరిగా లెవెల్‌వైండ్, అంటే దారాన్ని అటూ ఇటూ జరిపే ముక్క. అది రెండు కొసలకీ ఆగకుండా వెళ్లి తిరగాలి.

గేరు, డ్రాగ్, బేరింగులు

గేర్ రేషియో 6.3:1 నుంచి 7:1 మధ్య తీసుకుంటే అన్నిటికీ సరిపోతుంది. 6.3 అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి సుమారు 65 సెంటీమీటర్ల దారం, 7.1 అంటే సుమారు 75. కప్పబొమ్మ మీద కొర్రమీను దూకినప్పుడు వదులు దారాన్ని గబగబా లాక్కోవడానికి 7 బాగుంటుంది. లోతుగా దిగి నీటిని బరువుగా లాగే ఎరలకి 6 దగ్గరిది సుఖం. చవక రీల్లో 8:1 వద్దు. వేగం పెరిగే కొద్దీ లాగే బలం తగ్గుతుంది. ఆ ధరలో వచ్చే మెత్తటి గేరు పళ్లు కలుపుతో సహా చేపను లాగేటప్పుడు త్వరగా అరుగుతాయి.

డ్రాగ్ 8 కిలోలా 10 కిలోలా అన్నది వదిలెయ్యండి. దారం తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా డ్రాగ్ పెట్టుకుంటారు. 30 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) అంటే సుమారు 13.6 కిలోలు, దానికి మూడున్నర నాలుగు కిలోలు చాలు. బరువు ఎంతన్నది కాదు, ఎలా వదులుతుందన్నది ముఖ్యం. సామాను తూచే చేతి త్రాసు కొక్కేనికి దారం కట్టి లాగితే ముల్లు ఒక్కచోట నిలబడి దారం జారాలి. ముల్లు పైకి ఎగిరి, దారం ఒక్కసారిగా వదిలి, మళ్లీ పట్టేస్తే సన్నటి దారం తెగేది అక్కడే.

బేరింగుల లెక్కలో హ్యాండిల్ గుబ్బల్లో పెట్టినవి కూడా కలుపుతారు. మీకు తేడా తెలిసేది స్పూల్‌కి ఉన్న రెండిటితోనే. అబూ గార్సియా బ్లాక్ మ్యాక్స్ లాంటి పేరున్న రీలు తక్కువ బేరింగులతోనే ఏళ్ల తరబడి నడుస్తుంది, ఎందుకంటే ఉన్నవి సరైన చోట ఉన్నాయి. స్పూల్ బేరింగులు తర్వాత మార్చుకోవచ్చు కూడా. చాలా రీళ్లలో 3×10×4 మిల్లీమీటర్ల సైజు నడుస్తుంది, అయినా పాతది కొలిచాకే కొత్తది కొనండి.

ఫ్రేము సంగతికొస్తే, మెటల్ అంటే గొప్ప, ప్లాస్టిక్ అంటే చవక అనే లెక్క ఉప్పునీటి దగ్గర తారుమారవుతుంది. అల్యూమినియం వంగదు, నిజమే. కానీ రాయికి తగిలి పెయింటు లేచిన చోట ఉప్పు చేరి తెల్లటి పొడిగా పొంగుతుంది. గ్రాఫైట్, అంటే కార్బన్ కలిపిన ప్లాస్టిక్ ఫ్రేము కొంచెం వంగుతుంది గానీ తుప్పు పట్టదు. మీ వేట ఎక్కువగా ఎన్నూరు, ముట్టుకాడు, పులికాట్ వైపైతే తక్కువ ధరలో గ్రాఫైటే మంచిది. చెరువుల్లో కొర్రమీనుకే అయితే అల్యూమినియం. రెండింటికీ ఒకటే అంటే నా ఓటు గ్రాఫైట్‌కే.

కొత్త పేరులేని రీలుకంటే పేరున్న కంపెనీ పాత రీలు చాలాసార్లు మేలు, ఎందుకంటే దానికి స్పేర్లు దొరికే అవకాశం ఉంటుంది. పాతది చూసేటప్పుడు స్క్రూ తలల చుట్టూ తెల్లపొడి ఉందేమో, స్పూల్ అంచు మీద గాట్లున్నాయేమో వేలితో తడిమి చూడండి. గాటు దారాన్ని కోసేస్తుంది. హ్యాండిల్ తిప్పేటప్పుడు చేతికి టకటక తగిలితే గేరు అరిగింది, ఎంత తగ్గించినా వద్దు.

మొత్తం డబ్బు ఎలా పంచాలి

చేతిలో ఆరు వేలుంటే ఆరూ రీలుకి పెట్టకండి. మూడు వేలు రీలుకి, పద్దెనిమిది వందల దాకా రాడ్డుకి, మిగతాది దారానికీ ఎరలకీ. రాడ్డు తప్పకుండా కాస్టింగ్ రాడ్డే అయ్యుండాలి, అంటే పిడి కింద వేలు పట్టుకునే కొక్కెం, పైవైపు గైడ్లు (దారం దూరే రింగులు). స్పిన్నింగ్ రాడ్డుకి ఇది బిగిస్తే దూరమూ రాదు, చిక్కూ తప్పదు.

దారంలో మిగుల్చుకోవచ్చు. చిన్న ఎరలతో విసిరేది ముప్పై నలభై మీటర్లే. స్పూల్ అడుగున సగం దాకా చవక తంగూసు దారం చుట్టి, దాని మీద 70 మీటర్ల బ్రెయిడ్ కట్టుకుంటే 150 మీటర్ల బ్రెయిడ్ కొనక్కర్లేదు. పైగా బ్రెయిడ్‌ని నేరుగా నున్నటి స్పూల్‌కి కడితే మొత్తం చుట్ట స్పూల్ మీదే జారి తిరుగుతుంది, డ్రాగ్ పాడైందనుకుంటారు. తంగూసు అడుగున ఉంటే ఆ ఇబ్బంది లేదు. 30 పౌండ్లకి తక్కువ బ్రెయిడ్ వద్దు, సన్నటిది లాగినప్పుడు కింది పొరల్లోకి దిగబడి తర్వాతి విసురులో ఇరుక్కుంటుంది. విసరడం నేర్చుకునే మొదటి రోజుల్లో మాత్రం పూర్తిగా 0.30 లేదా 0.35 మిల్లీమీటర్ల తంగూసుతోనే మొదలెట్టండి. చిక్కుపడినా చేత్తో విప్పుకోవచ్చు, పోయినా బాధ లేదు. ఏ దారమైనా స్పూల్ అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు కిందే ఆపండి. అంచుదాకా నింపితే మంచి రీలు కూడా చిక్కు పెడుతుంది.

మొదటిసారి సెట్ చెయ్యడం ఇలా. ఎర కట్టి, రాడ్డు నేలకి సమాంతరంగా పట్టుకుని బార్ నొక్కండి. ఎర మెల్లగా దిగాలి, నేల తాకాక స్పూల్ ఒక చుట్టుకి మించి తిరగకూడదు. అంతవరకే టెన్షన్ నాబ్ బిగించండి. ఎర బరువు మారినప్పుడల్లా ఇది మళ్లీ చెయ్యాలి. బ్రేకు 10లో 8 దగ్గర పెట్టి, చిక్కు లేకుండా విసరడం అలవాటయ్యే కొద్దీ ఒక్కొక్కటి తగ్గించండి. చాలామంది బ్రేకు బదులు టెన్షన్ నాబే బిగించి పడేస్తారు. దాంతో దూరం పోతుంది, స్పూల్ ఇరుసు కొసలు అరుగుతాయి. బొటనవేలు ఎప్పుడూ స్పూల్ మీదే ఉండాలి, ఎర నీటిని తాకే క్షణంలో వేలితో స్పూల్ ఆపాలి. బ్రేకు ఏదైనా ఈ పని మాత్రం వేలిదే.

ఉప్పునీటి నుంచి వచ్చిన రోజే డ్రాగ్ పూర్తిగా బిగించి, కొళాయి సన్నటి ధార కింద రీలు కడగండి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. నీళ్లు దులిపి, డ్రాగ్ వదులు చేసి నీడలో ఆరబెట్టండి. ఆరాక స్పూల్ బేరింగులకీ, లెవెల్‌వైండ్ ఇరుసుకీ, హ్యాండిల్ గుబ్బలకీ ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె. కొబ్బరినూనె వద్దు, అది జిగురుకట్టి బేరింగుని బిగిస్తుంది. గ్రీజు గేర్లకి మాత్రమే, వన్‌వే బేరింగు దగ్గరికి రానివ్వకండి. పక్కప్లేటు తెరిచేటప్పుడు కింద తెల్లటి గుడ్డ పరుచుకోండి. స్పూల్ కొసన ఉండే పల్చటి వాషరు నూనెకి అంటుకుని వస్తుంది. అది గచ్చు మీద పడితే దొరకదు, అది లేకుండా బిగిస్తే స్పూల్ టెన్షన్ ఇక ఒక్కచోట నిలవదు.